జాబితా రాసి ఊరుకోని మనిషి: కొమర్రాజు లక్ష్మణరావు గారు

ప్రతి మనిషీ జన్మలో ఒక్కసారైనా చదవాల్సిన పుస్తకాలు ఏవి? మన హాస్టల్లో ఈ ప్రశ్న అడిగి చూడండి, ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తారు. తెలుగు సారు భారతం అంటారు. సోషల్ సారు గాంధీ గారి ఆత్మకథ అంటారు. టెన్త్ వాళ్ళయితే గైడు అంటారు (నవ్వకండి, పరీక్షల ముందు వాళ్ళ బాధ వాళ్ళది). ఎవరు ఏ పేరు చెప్పినా, ఆ పుస్తకం ఎక్కడో ఒకచోట ఉందన్న ధైర్యంతోనే చెప్తారు. మన బీరువాలో లేకపోతే మండలం లైబ్రరీలో, అక్కడా లేకపోతే పట్నంలో.

120 ఏళ్ళ కిందట ఒకాయన ఇదే ప్రశ్న వేసుకున్నారు. తెలుగు తప్ప వేరే భాష రాని మనిషి బతుకులో తప్పక తెలుసుకోవాల్సినవి ఏమిటి అని లెక్క వేశారు. తన దేశం చరిత్ర తెలియాలి. ఒంటికి వచ్చే రోగాలు ఎందుకు వస్తాయో తెలియాలి. చెట్టు ఎలా బతుకుతుందో, నీరు ఆవిరి ఎలా అవుతుందో తెలియాలి. కష్టపడి పైకొచ్చిన మనుషుల కథలు తెలియాలి. లెక్క బాగానే ఉంది. తీరా చూస్తే ఆ పుస్తకాలు తెలుగులో లేవు! వీరేశలింగం గారి లాంటి కొద్దిమంది రాసినవి తప్పిస్తే, ఉన్నవి పురాణాలు, ప్రబంధాలు, శతకాలు. అవి చదవకూడదని కాదు. అవి చదివినంత మాత్రాన మలేరియా ఎందుకొస్తుందో తెలియదు కదా.

ఆయన జాబితా రాసి ఊరుకోలేదు. ఆ పుస్తకాలు రాయించారు, కొన్ని తానే రాశారు, అచ్చు వేయించారు. ఆయనే కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు. మన పాఠాల్లో ఆయన పేరు ఎక్కడో ఒక లైనులో వస్తుంది. ఆ లైను వెనక ఉన్న కథ ఇది.

ఆయన 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు (ఆ ఊరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది). మూడో ఏటనే తండ్రి పోయారు. కొన్నాళ్ళు భువనగిరిలో అన్నగారి దగ్గర పెరిగారు, అక్కడే చిన్న చదువులు. తర్వాత అక్క ఇంటికి వెళ్ళారు. ఇల్లు విడిచి వేరే చోట ఉండి చదువుకోవడం అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ అక్క పేరు భండారు అచ్చమాంబ. ఈ కథలో సగం ఆమెదే అని నా అభిప్రాయం. ఆమె 1874లో పుట్టారు. ఆరేళ్ళకే పెళ్ళి చేశారు. భర్త భండారు మాధవరావు గారిది నాగపూర్ వైపు ఇంజనీరు ఉద్యోగం. అచ్చమాంబ గారిని బడికి పంపలేదు. ఆ రోజుల్లో ఆడపిల్లకి బడి ఏమిటి అనేవాళ్ళే ఎక్కువ. తమ్ముడు బడికి వెళ్ళి వచ్చి తను నేర్చుకున్నది అక్కకి చెప్పేవాడు. అలా ఇంట్లోనే, తమ్ముడి పక్కన కూర్చుని ఆమె తెలుగు, హిందీ నేర్చుకున్నారు. తర్వాత ఇంకా కొన్ని భాషలు పట్టుబట్టి నేర్చుకున్నారు. ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలి, ఏది ముందు, ఏది తర్వాత అని ఆలోచించే పని లక్ష్మణరావు గారికి మొదట అలవాటైంది అక్క దగ్గరే. ఆయన మొదటి చదువరి ఆమే అన్నమాట.

ఆ చదువరి ఏం చేశారో చూడండి. ఆడవాళ్ళకి తెలివి తక్కువ అని పెద్దలు అంటుంటే నోటితో వాదించలేదు. దేశం నలుమూలలా ఉన్న గొప్ప ఆడవాళ్ళ జీవితాలు వెతికి, ఏ భాషలో దొరికితే ఆ భాషలో చదివి, తెలుగులో ఒక పెద్ద పుస్తకం రాశారు. దాని పేరు అబలా సచ్చరిత్ర రత్నమాల. పేరు నోరు తిరగనిదే కానీ లోపలి పని చాలా పెద్దది. తెలుగులో అలాంటి చరిత్ర పుస్తకం ఒక ఆడమనిషి రాయడం అంతకు ముందు లేదు. ఆమె కథలు కూడా రాశారు. తెలుగులో తొలి కథ ఆమెదేనని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ కథ పేరు ధనత్రయోదశి, 1902లో వచ్చింది. పుట్టిన బిడ్డలు దక్కలేదు. 1905లో ఆమె కూడా పోయారు. ముప్ఫై ఏళ్ళే.

లక్ష్మణరావు గారు నాగపూర్‌లో మరాఠీవాళ్ళ మధ్య పెరిగారు. మరాఠీలో మాట్లాడడమే కాదు, మరాఠీ పత్రికలకి వ్యాసాలు రాసేటంత వచ్చింది. అక్కడ ఆయన చూసిందేమిటంటే, మరాఠీవాళ్ళు తమ చరిత్రని తమ భాషలో రాసుకుంటున్నారు. పాత కాగితాలు వెతుకుతున్నారు, అచ్చు వేస్తున్నారు, మామూలు మనుషులు కొనుక్కుని చదువుతున్నారు. మరి తెలుగువాళ్ళకి? పక్కింట్లో దీపం వెలుగుతుంటే మనింట్లో చీకటి ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. తెలుగుదేశంలోనే ఉండిపోయి ఉంటే ఈ లోటు ఆయనకి ఇంతగా తెలిసేది కాదేమో. నాగపూర్‌లోనే బి.ఏ. చదివారు. ఎం.ఏ. మాత్రం కాలేజీకి వెళ్ళకుండా ప్రైవేటుగా చదివి 1902లో ప్యాసయ్యారు.

చదువు అవుతుండగానే మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి దగ్గర దివానుగా కుదిరారు. ఈ మునగాల విచిత్రమైన చోటు. చుట్టూరా నిజాం రాజ్యం, మధ్యలో ఇది మాత్రం ఇంగ్లీషువాళ్ళ కింద కృష్ణా జిల్లాలో ఉండేది. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. దివాను అంటే జమీందారీ లెక్కలు, శిస్తులు, కోర్టు పనులు అన్నీ చూసే పెద్ద అధికారి. హాయిగా జీతం తీసుకుని కాలక్షేపం చెయ్యొచ్చు. ఈయన రాజా గారి డబ్బుని పుస్తకాల వైపు తిప్పారు.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం తెరిచారు. రావిచెట్టు రంగారావు గారు, మునగాల రాజా గారు, లక్ష్మణరావు గారు ముఖ్యులు. అప్పుడు నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. ఇంట్లో తెలుగు మాట్లాడేవాడికి బయట తెలుగు కనపడేది తక్కువ. అలాంటి పట్నంలో తెలుగు పుస్తకాలకని ఒక లైబ్రరీ పెట్టడం అంటే చిన్న విషయం కాదు. మన సంగతి ఆలోచించండి. ఇంట్లో కోయ, కొండ, సవర, కువి మాట్లాడి, బళ్ళో అడుగుపెట్టగానే తెలుగులోకి మారిపోతాం. ఇంటి భాషలో ఒక్క పుస్తకం చేతికి దొరికితే ఎలా ఉంటుందో మనలో కొంతమందికే తెలుసు. ఆ రోజు హైదరాబాదులో తెలుగువాళ్ళకి అలా ఉండి ఉంటుంది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం వచ్చింది. హైదరాబాదు లైబ్రరీ సుల్తాన్ బజారులో ఇప్పటికీ ఉంది.

లైబ్రరీ పెట్టాక అసలు చిక్కు వచ్చింది. బీరువా ఉంది, తాళం ఉంది, చదివేవాళ్ళు వస్తున్నారు. లోపల పెట్టాల్సిన పుస్తకాలే లేవు!

అందుకని 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. దాని పని పుస్తకాలు తయారుచెయ్యడం. లక్ష్మణరావు గారితో పాటు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, అయ్యదేవర కాళేశ్వరరావు గారు ఇందులో ఉన్నారు. (కాళేశ్వరరావు గారే తర్వాత 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకి మొదటి స్పీకర్ అయ్యారు.) పద్ధతి ఏమిటంటే, ముందు ఏ విషయం మీద పుస్తకం కావాలో నిర్ణయించడం. తర్వాత ఆ విషయం తెలిసినవాళ్ళని పట్టుకుని రాయించడం. రాసింది దిద్దడం. ముందుగా పేర్లు ఇచ్చిన చందాదారులకి పంపడం. చందాదారుడికి తను ఏం చదవబోతున్నాడో తెలియదు. మండలివాళ్ళు మంచిదే పంపుతారని నమ్మకం. ఆ నమ్మకం నిలబెట్టుకోవడం కష్టం. పంపిన పుస్తకం బాగాలేకపోతే పైఏడు చందా రాదు.

మరి మొదటి పుస్తకం ఏది వేశారు? నాకు ఈ కథలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇదే. తెలుగు రాజు కథ కాదు, దేవుడి కథ కాదు. సముద్రాల అవతల అమెరికాలో పుట్టిన అబ్రహాం లింకన్ జీవితం! హరిసర్వోత్తమరావు గారు రాశారు, 1907లో వచ్చింది.

ఎందుకు లింకన్? లింకన్ 1809లో దుంగలతో కట్టిన గుడిసెలో పుట్టాడు. బళ్ళో చదివింది అన్నీ కలిపితే ఒక ఏడాది కూడా ఉండదు. అరువు తెచ్చుకున్న పుస్తకాలే ఆయన చదువు. ఒకసారి అరువు పుస్తకం వానకి తడిసిపోతే దానికి బదులుగా పొలంలో మూడు రోజులు పనిచేశాడని చెప్తారు. అలాంటివాడు దేశానికి అధ్యక్షుడయ్యాడు. నల్లవాళ్ళని పశువుల్లాగా అమ్ముకునే పద్ధతి మీద 1863లో దెబ్బ కొట్టాడు. తెలుగులో చదవడం వచ్చిన ప్రతివాడూ ముందు ఈ మనిషి గురించి తెలుసుకోవాలని మండలివాళ్ళు ఎంచారు. అప్పుడు మన దేశం ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉంది. బానిసత్వం తప్పు అని ఇంగ్లీషువాళ్ళ మొహం మీద అనకుండా, అమెరికా కథ చెప్పి పాఠకుడినే ఆలోచించుకోనిచ్చారని నాకు అనిపిస్తుంది. ఆ పుస్తకం రాసిన హరిసర్వోత్తమరావు గారు 1908లో బెజవాడ స్వరాజ్య పత్రికలో రాసిన రాతకి జైలుకి వెళ్ళారు. విడుదలై వచ్చాక కూడా పుస్తకాల పని వదల్లేదు. లైబ్రరీలు, పెద్దవాళ్ళకి రాత్రి బడులు, ఇదే ఆయన జీవితం అయిపోయింది.

తర్వాత వరసగా వచ్చాయి. లక్ష్మణరావు గారే హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అని దేశ చరిత్ర రాశారు. శివాజీ జీవితం రాశారు. చిలుకూరి వీరభద్రరావు గారి చేత ఆంధ్రుల చరిత్ర రాయించారు, దాని మొదటి భాగం 1910లో వచ్చింది. రసాయన శాస్త్రం, పదార్థ విజ్ఞానం, జీవశాస్త్రం వచ్చాయి. ఆచంట లక్ష్మీపతి గారనే డాక్టరు కలరా గురించి, మలేరియా గురించి రాశారు. చారిత్రక నవలలకి పోటీలు పెట్టి బహుమతులిచ్చారు. చరిత్ర అంటే పారిపోయేవాడు కూడా కథ అంటే కూర్చుంటాడు కదా. కొద్ది ఏళ్ళకే మండలి పని మద్రాసుకి మారింది, లక్ష్మణరావు గారు కూడా ఎక్కువగా అక్కడే ఉన్నారు.

ఆ మలేరియా పుస్తకం దగ్గర కొంచెం ఆగాలి. మన ఏజెన్సీలో వానలు పడ్డాక చలిజ్వరం ఇంటింటికీ వస్తుంది. దాన్ని దోమ తెస్తుందని 1897లో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు సికిందరాబాదులో కనిపెట్టాడు. అంటే మన నేల మీదే కనిపెట్టారు. అది మన భాషలోకి రావాలంటే ఇంకొకరు పూనుకోవాలి. శాస్త్రం పుస్తకాలకి తెలుగులో మాటలే ఉండేవి కావు. ఒక్కో ఇంగ్లీషు మాటకి తెలుగు మాట తయారుచేసుకుంటూ రాయాల్సి వచ్చింది. మన సైన్సు పుస్తకంలో కనపడే పొడుగాటి సంస్కృతం మాటలు చూసి మనం తిట్టుకుంటాం గానీ, ఆ మాటల దారి అలాంటి చోట్లనే మొదలైంది.

పొగడ్తలే రాస్తే ఇది జయంతి ఉపన్యాసం అయిపోతుంది. అందుకని రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, ఆ పుస్తకాల భాష కష్టం. గ్రాంథికం. మామూలు రైతుకి చదివి వినిపించినా సగం అర్థం కాదు. అందరూ చదవాలని ఎంచిన పుస్తకాలు అందరికీ అర్థమయ్యే భాషలో లేకపోవడం ఏం న్యాయం? ఇదే మాట మీద ఆ రోజుల్లోనే గట్టిగా పోరాడినవారు గిడుగు రామ్మూర్తి పంతులు గారు. ఆయన సంగతి మనకి ఇంకా దగ్గర. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు తయారుచేసి, సవర పిల్లలకి బడులు పెట్టారు. సర్కారు బహుమతిగా డబ్బు ఇవ్వబోతే, తనకి వద్దు, సవర పిల్లల బడికి పెట్టమన్నారు. ఒకాయన హైదరాబాదు, మద్రాసుల్లో తెలుగువాళ్ళకి ఏ పుస్తకం కావాలా అని చూస్తుంటే, ఇంకొకాయన కొండల్లో అసలు అచ్చుపుస్తకమే ఎరగని భాషకి మొదటి పుస్తకం చేస్తున్నారు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని నన్ను అడగొద్దు. మన హాస్టల్లో ఉన్న సవర అన్నలు ఏం చెప్తారో నాకు తెలుసు.

రెండోది, ఆ డబ్బు సంగతి. పుస్తకాలకి అండగా నిలిచిన మునగాల రాజా గారి పరగణాలోనే 1930లలో రైతులు జమీందారు మీద తిరగబడ్డారు. వెట్టి, శిస్తులు భరించలేక. అప్పటికి లక్ష్మణరావు గారు లేరు. అయినా ఆ పుస్తకాలకి పెట్టిన రూపాయి ఏ రైతు చేను నుంచి వచ్చిందో కూడా మనం తెలుసుకోవాలి. దానివల్ల పుస్తకం విలువ తగ్గదు. ఆ రైతుకి కూడా ఆ పుస్తకంలో వాటా ఉందని తెలుస్తుంది, అంతే.

ఎన్ని పుస్తకాలు వేసినా ఇంకా కొన్ని మిగిలిపోతూనే ఉన్నాయి. అప్పుడు లక్ష్మణరావు గారికి ఇంకా పెద్ద ఆలోచన వచ్చింది. లోకంలో తెలుసుకోదగిన విషయాలన్నీ అక్షరక్రమంలో పెట్టి ఒక్క పుస్తకంగా చెయ్యాలని. ఇంగ్లీషులో ఎన్‌సైక్లోపీడియా అంటారు. ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము అని పేరు పెట్టి 1912 ప్రాంతంలో మొదలుపెట్టారు. చరిత్ర, గణితం, వైద్యం, భూగోళం, వేదాంతం, అన్నీ అందులో రావాలి. తెలిసినవాళ్ళ చేత రాయించారు, చాలా వ్యాసాలు తానే రాశారు. తర్వాత గొప్ప చరిత్రకారుడైన మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు కుర్రతనంలో ఆయన దగ్గర పనిచేసి శాసనాలు చదవడంలో ఆరితేరారు.

మూడు పెద్ద సంపుటాలు వచ్చాయి. మూడూ కలిపి ఎంతవరకు వచ్చాయో తెలుసా? అ. మొదటి అక్షరం ఒక్కటే. మూడు సంపుటాల నిండా అ తో మొదలయ్యే విషయాలే! నవ్వొస్తుంది నిజమే. కానీ అందులో ఎంత పని ఉందో ఊహించుకోండి. మనం వీక్లీ టెస్టుకి ఒక వ్యాసం రాయడానికి ఎన్నిసార్లు పేపరు చింపుతాం? ఒక్క అక్షరంలో ఎన్ని దేశాలు, ఎన్ని ఊళ్ళు, ఎంతమంది మనుషులు, ఎన్ని రోగాలు, ఎన్ని గ్రంథాలు వస్తాయి? వాటిలో ఏది పెట్టాలి, ఏది వదలాలి? అక్కడ కూడా అదే ప్రశ్న, మనిషి తెలుసుకోవాల్సింది ఏది అని.

తర్వాత రావాల్సిన అక్షరం ఆ. ఆంధ్ర అనే మాట ఆ అక్షరంలోనే ఉంది. ఆయన ఎంతో ఇష్టంగా శాసనాలు, తాళపత్రాలు తిరగేసింది ఆ మాట కోసమే. దాని దాకా రాలేకపోయారు. ఉబ్బసం, పని, అప్పు, అన్నీ కలిసి మనిషిని తినేశాయని రాస్తే బాగుంటుంది గానీ, నాకు రూఢిగా తెలిసింది ఇంతే: 1923 జులై 12న మద్రాసులో చనిపోయారు. 46 ఏళ్ళు. ఆయన ఉన్న ఆ వేదవిలాస్ అనే ఇంట్లోనే 1919లో కందుకూరి వీరేశలింగం గారు కూడా కన్నుమూశారు. అదే 1923లో ఇటు మన మన్యంలో అల్లూరి సీతారామరాజు గారి వెంట గాం గంటందొర, మల్లుదొర, ఇంకా ఎంతోమంది పోరాడుతున్నారు. ఆ పేర్లు ఏ సంపుటంలోకీ ఇంకా ఎక్కలేదు. గ అక్షరానికి, మ అక్షరానికి చాలా దూరం ఉంది.

విజ్ఞాన సర్వస్వం ఆగిపోయింది. 1930లలో ఆంధ్రపత్రిక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు దాన్ని మళ్ళీ ఎత్తుకున్నారు. 1938లో ఆయనా పోయారు. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో తెలుగు భాషా సమితి అనే సంస్థ ఇంకో పద్ధతిలో, ఒక్కో శాస్త్రానికి ఒక్కో సంపుటం చొప్పున వేసింది. పాత జిల్లా లైబ్రరీల్లో లావాటి అట్టలతో కనపడేవి అవే.

లక్ష్మణరావు గారికి ఒక కూతురు. అక్క పోయిన తర్వాత పుట్టింది. ఆమెకి అచ్చమాంబ అనే పేరు పెట్టుకున్నారు. మేనత్తకి బడి గుమ్మం తొక్కే భాగ్యం లేకపోయింది. ఈ అచ్చమాంబ గారు డాక్టరీ చదివారు. విజయవాడలో కాన్పులు చూసే డాక్టరుగా పేరు తెచ్చుకున్నారు, గర్భిణుల గురించి, పసిపిల్లల పెంపకం గురించి తెలుగులో పుస్తకం రాశారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు.